అలిగిన ఓటు

అయినా అక్కడికి వెళ్లి చేసేదేముంది, వేలు నల్లగా చేసుకుని రావడం తప్ప, అది కూడా ఇప్పుడు సరిగ్గా అంటదట, సబ్బు పెట్టి గట్టిగా రుద్దితే పోతుందని పక్కింటావిడ అంది, మా రోజుల్లో ఆ మచ్చ గోరుతో పాటు పెరిగి పెరిగి ఎప్పటికో కత్తెర కిందికి వచ్చేది, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు మీద ప్లగ్గు గుచ్చిన ప్రతిసారీ కళ్ల ముందు కదిలేది, అదిగో చెల్లి గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంది, విప్పింది, మళ్లీ తొడుక్కుంది, దానికి తొందరైతే నోటితో చెప్పదు, కాళ్లతో చెబుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే, చివరికి నోరే తెరిచి అక్కా వస్తున్నావా లేదా, డ్యూటీ చేసొచ్చి ఇంకా నడుం వాల్చలేదు నేను అంది, వస్తున్నానే, కళ్లజోడు కనపడటం లేదు అన్నాను, కళ్లజోడు నా నెత్తి మీదే ఉందని నాకూ తెలుసు, దానికీ తెలుసు, పోయిన ఎలక్షన్లకి మోకాలు నొప్పి, అంతకుముందు జలుబు, ఆ ముందుసారి ఏం చెప్పానో నాకే గుర్తులేదు, అది నవ్వకుండా వచ్చి నెత్తి మీది కళ్లజోడు కిందికి లాగి ముక్కు మీద పెట్టింది, సరే, నీకు తోడుగా స్కూలు దాకా వస్తాను, లోపలికి మాత్రం రాను, బయట బెంచీ మీద కూర్చుంటాను అన్నాను, నీ ఇష్టం అంది, చెల్లి నీ ఇష్టం అందంటే అందులో నా ఇష్టం ఏమీ లేదని అర్థం.

తాళం వేస్తూ ఉంటే దాని చెయ్యి కనపడింది, ఎన్నిసార్లు కడిగినా మందుల వాసన పోని చెయ్యి, అమ్మ పోయాక ఈ చేతికి నేనే గాజులు తొడిగాను, ఈ చేతితో పలక పట్టించాను, ఇప్పుడు వార్డులో నాకంటే బరువైన రోగుల్ని ఎత్తి పక్కకి తిప్పి దాని నడుం నా నడుం కంటే ముందే ముసలిదైపోయింది, ఒక కడుపున పుట్టాం, ఒకే ప్రభుత్వానికి పనిచేశాం, నాకు పాత పెన్షను, దానికి కొత్తది, దాని నర్సింగు పరీక్షలు వాయిదా పడి ఒక్క వేసవి ఆలస్యంగా చేరింది, ఆ వేసవిలోనే చట్టం వచ్చింది, ఇకనుంచి చేరేవాళ్లకి నెలనెలా పెన్షను అనేది ఉండదు, జీతంలో కొంత కోసి షేర్ల మార్కెట్లో పెడతాం, పెరిగితే మీ అదృష్టం, మునిగితే మీ ఖర్మ అని, అదే కాస్త గౌరవంగా రాశారు, ఇప్పుడు మళ్లీ అదే గొడవ, ఒక పార్టీ పాతది అందరికీ తిరిగి తెస్తామంటుంది, ఇంకో పార్టీ తెస్తే ఖజానా మునుగుతుందంటుంది, మొన్న టీవీలో టై కట్టుకున్నాయన గీతలు గీసి చూపించి జనం మరీ ఎక్కువకాలం బతకడమే సమస్య అన్నాడు, చెల్లి అన్నం కలుపుతూనే, అక్కా సమస్యవి నువ్వేనట, ఇంకో ముద్ద వేసుకో అంది, ఎంత నవ్వామో ఆ రోజు, నవ్వి నవ్వి ఆగాక అది ఒక్కసారిగా అడిగింది, నేను రిటైరైతే ఎలాగక్కా అని, నేనున్నాగా అన్నాను, నువ్వెన్నాళ్లుంటావు అని అది అడగలేదు, అడగకుండా కంచం తీసుకుని లేచింది.

వీధి ఎంత ఖాళీగా ఉందో, సెలవు ఇచ్చారు కదా, అందరూ ఇళ్లలోనే, ఏ ఇంట్లో చూసినా టీవీ మోగుతోంది, ఎవరు గెలుస్తారో టీవీలో చూస్తున్నారు కాని, గెలిపించడానికి మాత్రం గడప దాటరు, పోయినసారి ఇక్కడ గెలిచినవాడు గుప్పెడు ఓట్లతో గట్టెక్కాడు, వెయ్యనివాళ్లు వీధులకు వీధులున్నారక్కా అంటుంది చెల్లి, ఇదే వీధిలో నాన్న ఎలా నడిచేవాడు, ఓటు రోజున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్లిచూపులకి వెళ్తున్నట్టు, పక్కన అమ్మ, అమ్మ ఒక పార్టీ, నాన్న ఇంకో పార్టీ, పెళ్లయిన నాటి నుంచీ ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు, కలిసే వచ్చేవాళ్లు, మీ ఓటు కొట్టేసి వచ్చానండీ అని అమ్మ అంటే, నీది నేను ముందే కొట్టేశాను అని నాన్న, మరి ఇద్దరం ఇంట్లోనే కూర్చుంటే సరిపోయేది కదా, ఎండలో ఈ నడక దేనికి అని అమ్మ, నేను కూర్చుంటాను, నువ్వు వెనక సందులోంచి వెళ్లి వేసొస్తావు, నిన్ను నమ్మి కాపురం చెయ్యగలను కాని ఓటు మానలేను అని నాన్న, ఆ నవ్వులు ఈ మలుపు దగ్గరే కదూ, ఇక్కడ అప్పుడు సైకిళ్లు బాగుచేసే కొట్టు ఉండేది, ఇప్పుడు మెడికల్ షాపు, చెల్లికి ఆ నవ్వులు తెలియవు, అప్పటికి అది అమ్మ చంకలో.

ఎక్స్ఛేంజిలో చేరిన కొత్తలో నా చెవి ఎర్రగా కందిపోయేది, ఆ హెడ్‌సెట్ బిగుతుకి, వరసగా అమ్మాయిలం, ఎదురుగా బోర్డు, బోర్డు నిండా చిన్న చిన్న దీపాలు, ఒక దీపం వెలిగితే ఊళ్లో ఎవరో ఫోనెత్తారని అర్థం, నెంబర్ ప్లీజ్ అనగానే అటునుంచి ఒకరి ఆత్రం, ఒకరి ఏడుపు, పాప పుట్టిందని చెప్పడానికి మాట తడబడే మగవాళ్లు, ఊళ్లో సంతోషాలూ చావులూ ముందు మా చెవుల్లోంచే వెళ్లేవి, మా సూపర్‌వైజరుని గంటమ్మ అనేవాళ్లం, గొంతు ఖంగుమని మోగేది, ఆవిడ వెనకనుంచి నడిచి వస్తుంటే వీపులు వాటంతటవే నిటారయ్యేవి, మాకు పెన్షను లేదప్పుడు, రిటైరైన రోజున ఒక దండ, ఒక గోడగడియారం, ఇంటికి వెళ్లి ఇక ఆ గడియారం చూస్తూ కూర్చోవడమే, అందుకే సమ్మె, ఆ ఉదయం గంటమ్మ చెయ్యెత్తగానే అందరం ఒక్కసారే ప్లగ్గులు లాగేశాం, ఆస్పత్రి లైనూ ఫైరింజను లైనూ మాత్రం ఉంచాలి, వాటి మీద చెయ్యి వేస్తే విరగ్గొడతాను అంది గంటమ్మ, ఆ రెండూ తప్ప ఊరంతా మూగబోయింది, బోర్డు మీద దీపాలన్నీ వెలిగి వెలిగి ఎవరూ పలకక అలాగే ఉండిపోయాయి, ఆ వెలుగులో మా మొహాలు, ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ వెలుగే, తరువాత వానలు, ఆఫీసు గేటు ముందు ఒక గొడుగు కింద ముగ్గురేసి, గంటమ్మ ఆ ఏడాదే రిటైరవుతోంది, పెన్షను వచ్చినా ఆవిడకి రాదు, మీకెందుకండీ ఈ తడవడం అని ఒకరోజు అడిగాను, ఇంట్లో కూర్చుంటే నడుం పట్టేస్తోందే పిల్లా అంది, అని నా కొంగు తీసి తన తల తుడుచుకుంది.

మైకు కూడా ఆ వానలోనే దొరికాడు మాకు, లైన్లు బాగుచేసే పనివాడు, స్తంభాలెక్కేవాడు, గేటు ముందు ఖాళీ తారు డ్రమ్ము మీద నిలబడి మాట్లాడితే వీధి చివరి దాకా వినపడేది, వీడికి మైకెందుకు, వీడే మైకు అన్నారెవరో, ఆ పేరే నిలిచింది, సమ్మె గెలిచాం, పెన్షను వచ్చింది, ఆ తరువాతి ఎలక్షన్లకి మైకు నిలబడ్డాడు, మావాడు, మాతో టీ తాగినవాడు, ఆ రోజు ఎక్స్ఛేంజిలో వంతులు వేసుకున్నాం, మీరు వెళ్లి రండి మీ బోర్డు నేను చూస్తాను, నేను వెళ్తాను నా బోర్డు నువ్వు చూడు, నేను హెడ్‌సెట్ మెడలోంచి తియ్యడం కూడా మరిచిపోయి పరుగెత్తాను, వైరు వెనక తోకలా వేలాడుతూ, క్యూలో వాళ్లంతా నవ్వు, అప్పుడు క్యూ అంటే స్కూలు గేటు దాటి సైకిల్ కొట్టు దాకా, తిరిగొచ్చి అందరం చేతులు బోర్డు మీద పక్కపక్కన పెట్టి చూసుకున్నాం, ఎవరి మచ్చ నల్లగా ఉందో అని, అంత సంతోషం ఇంకెప్పుడు పడ్డాను నేను, ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కాదేమో.

ఆ మైకే, మా ఓట్లతో గెలిచిన కొన్నేళ్లకి, చెల్లి పరీక్షలు వాయిదాపడిన ఆ వేసవిలో, పెన్షను తీసేసే బిల్లుకి చెయ్యెత్తాడు, మేం కొందరం అడుగుదామని చట్టసభ దాకా వెళ్లాం, గేటు దగ్గరే ఆపేశారు, సాయంత్రం దాకా నిలబడితే చివరికి కార్లు బయటికొచ్చాయి, మైకు కారు అద్దం ఎత్తి ఉంది, అద్దంలో నా మొహమే నాకు కనపడింది, ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి, ఇక చాలు అనుకున్నాను, ఆ అనుకోవడం ఎంత చల్లగా జరిగిపోయిందో, ఆ తరువాత ఓటుకి వెళ్లలేదు, ఎవరితోనూ దెబ్బలాడలేదు, ఊరికే మానేశాను, పుట్టింటి వాళ్లు మాట తప్పితే ఆడపిల్ల రాకపోకలు మానేసినట్టు, నేను రాలేదని వాళ్లకి తెలియాలి, తెలిసి సిగ్గుపడాలి అని, ఏం ఆలోచిస్తున్నావు అంది చెల్లి, ఏం లేదే, వీళ్లలో ఎవరొచ్చినా ఒకటే, తెస్తామన్నవాడు మాత్రం తెస్తాడా అన్నాను, అది నడక ఆపింది, నీకేం అక్కా, నీది నీకు వస్తోంది అంది, గట్టిగా కాదు, రోగికి సూది నొప్పి పెడుతుందని ముందే చెప్పినట్టు మెల్లగా, అనేసి ముందుకు నడిచింది, నేను దాని వెనక, నాకు వస్తున్నది ఎవరిది, ఇద్దరం తింటున్నది కాదా, అందామనుకున్నాను, కాని అది అన్నది అబద్ధం కాదు.

స్కూలు వరండాలో క్యూ అని చెప్పడానికి కూడా సరిపోని మనుషులు, చంటిపిల్లతో ఒకామె, ఫోను చూసుకుంటూ ఒకతను, వాళ్ల వెనక చెల్లి, లోపల బల్ల దగ్గర ఆఫీసరు ఆవలించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, నేను చెప్పినట్టే బయట బెంచీ మీద కూర్చున్నాను, అప్పుడు ఒక ముసలాయన డ్రైవరు భుజం పట్టుకుని మెట్లెక్కుతూ ఆయాసపడి నా పక్కనే కూలబడ్డాడు, కాస్త జరుగుతానుండండి అన్నాను, ఆయన చటుక్కున నా వైపు తిరిగి, నెంబర్ ప్లీజ్ అన్నాడు, గొంతు చెక్కపేడులా చీలిపోయింది, ఆ మాటన్న తీరుని బట్టి తప్ప గుర్తుపట్టేదాన్ని కాదు, ఆయన మైకే, నీ గొంతు మారలేదమ్మా, నాదే ఆపరేషన్లో పోయింది అన్నాడు, నాకు కోపం రావాలి కదా, రాలేదు, వాన గుర్తొచ్చింది, ఆయనకీ అదే గుర్తొచ్చింది, తారు డ్రమ్ము మీంచి జారిపడటం, గంటమ్మ తిట్టడం, ఒక్క టీని ఇద్దరు తాగడం, ఒక్కటి మరిచిపోలేదు, చెబుతూ ఉంటే కళ్లల్లో పాత పిల్లాడు కనపడ్డాడు, అన్నీ గుర్తున్నాయిగా, మరి పెన్షను తీసేసే బిల్లుకి చెయ్యెందుకెత్తారు అని అడిగేశాను, ఇన్నేళ్లుగా లోపల కూడబెట్టుకున్న ప్రశ్న, ఆయన కనుబొమలు ముడిచి, నిజంగానే వెతుక్కుని, ఏ బిల్లమ్మా అన్నాడు, చెప్పాను, ఏమో, అలాంటివి బోలెడు వచ్చేవి, ఎత్తమంటే ఎత్తేవాళ్లం, ఏది ఎప్పుడో ఇప్పుడేం గుర్తు అన్నాడు, దాచడం లేదు, లోపల నిజంగా ఏమీ లేదు, అని నా చెయ్యి తట్టి, అయినా మీరెవరూ నన్ను వదల్లేదుగా, దాని తరువాత కూడా గెలిచాను, ఎక్స్ఛేంజి ఓట్లు నాకే అని ఎప్పుడూ ధీమా, నీ ఓటు సహా అన్నాడు, ప్రేమగానే అన్నాడు, డ్రైవరు లేపితే నెమ్మదిగా లేచి, ముసలివాళ్లని ముందు పంపండి అంటూ లోపలికి వెళ్లిపోయాడు.

నా ఓటు సహా, అంటే నేను రాని ప్రతిసారీ ఆయన లెక్కలో నేను వచ్చాను, నేను ఇంట్లో కూర్చుని అలిగితే ఆయన దండలు వేయించుకుంటూ ఆ అలకని కూడా తన మెజారిటీలోనే కలుపుకున్నాడు, ఎవరికి తెలియాలని ఇన్నేళ్లు ఊరుకున్నానో ఆయనకి ఆ సంగతే చేరలేదు, నవ్వొచ్చింది, నవ్వుతో పాటు ముక్కు కూడా మండింది, తలెత్తి చూస్తే క్యూలో చెల్లి, నిద్రకి తూలుతూ గోడకి భుజం ఆనించి నిలబడి ఉంది, జుట్టు చివర్లు తెల్లబడ్డాయి, ఎప్పుడు తెల్లబడ్డాయో, ప్రతి ఎలక్షన్లకీ ఇది ఇలాగే డ్యూటీ చేసొచ్చి ఒక్కత్తే ఈ వీధిన నడిచింది, ఒక్కత్తే ఈ గోడకి ఆనుకుంది, తిరిగొచ్చి వేలు చూపించకుండా కొంగులో దాచుకుని, అక్కా పడుకుంటాను అనేది, నేను నొచ్చుకుంటానని దాస్తోందనుకున్నాను, నేను లేచాను, మోకాలు కలుక్కుమంది, వెళ్లి దాని వెనక నిలబడ్డాను, అది వెనక్కి తిరిగి చూడలేదు, గోడకి ఆనించిన భుజం తీసి నాకు ఆనించింది, దాని బరువు నా మీద పడింది, అప్పుడర్థమైంది నాకు, ఇన్నేళ్ల నా మౌనం ఏ సభకీ వినపడలేదు, ఏ కారు అద్దమూ దాటలేదు, దాన్ని విన్నది ఒక్కరే, పక్క మంచం మీద పడుకుని, అక్క తన కోసం కూడా లేవదు కాబోలని అనుకుంటూ, ఈ చెల్లి.