సాక్ష్యంలోకి వచ్చిన షుగర్

కర్నూలు నుంచి క్రాంతి కుమార్ అనే పరిశోధకుడు వచ్చి, మా ఊళ్ళో షుగరున్న ఆడవాళ్ళందరినీ చర్చి వరండాలో కూర్చోబెట్టి చీటీలు తీయించాడు. ఆత్మకూరు పక్కన మాది చిన్న ఊరు. చర్చి పెద్దది, షుగర్ అంతకంటే పెద్దది. చీటీ తగిలిన సగంమందికి ఫోనులో ఆరోగ్యం యాప్ ఎక్కిస్తారు. మిగతా సగం ఎప్పట్లాగే మాత్రలు మింగుతారు. ఆరు నెలలయ్యాక రెండు జట్ల రక్తం చూసి, యాప్ పనిచేస్తుందో లేదో తేలుస్తారు.

మా అత్త జ్ఞానమణికి చీటీ తగిలింది. పక్కింటి రెజీనమ్మకు తగల్లేదు.

చిక్కంతా అక్కడే. చర్చిలో పాట ఎత్తేది రెజీనమ్మ. ఆమె కళ్ళకు పొరలొచ్చాయి. పుస్తకం ముక్కుకు ఆనించినా అక్షరం కనబడదు, గుర్తున్నకాడికి పాడుతుంది. మూడో చరణంలోంచి మొదటిదాంట్లోకి దూకుతుంది, సంఘమంతా ఆమె వెనకే దూకుతుంది. "షుగర్ దిగితేనే ఆపరేషన్. లేదంటే ఇంతే," అని డాక్టరు తేల్చేశాడు.

"నా చీటీ దానికి రాసేయప్పా," అంది అత్త క్రాంతి కుమార్‌తో.

"అట్లా మార్చకూడదమ్మా. యాప్ చెప్పే మాటలు చీటీ రానివాళ్ళకు చెప్పకూడదు కూడా. అప్పుడే తేడా తెలుస్తుంది."

అత్త తల ఊపింది. ఆ ఊపు అవునో కాదో ఇన్నేళ్ళ కాపురంలో నాకే అంతుపట్టలేదు, ఆ అబ్బాయికేం తెలుస్తుంది?

యాప్‌కు మా అత్త నచ్చింది గానీ మా వంట నచ్చలేదు. పొద్దున ఏం తిన్నారని అడిగి ఓట్స్, కార్న్‌ఫ్లేక్స్ చూపించేది. రాగి సంగటి దాంట్లో లేదు. నేను 'ఇతరములు' నొక్కాను.

"మనం తినేది ఇతరములా? ఇది యాడ పుట్టిందమ్మే నిస్సీ?" అని అత్త నా మీద లేచింది.

ఆ కోపం సాయంత్రం వరకే. నడిచొచ్చాక ఫోను "శభాష్ జ్ఞానమణి గారూ!" అంది. మా ఇంట్లో ఆమెను 'గారు' అన్నవాళ్ళు అంతవరకూ లేరు. ఆ ఒక్క మాట కోసం ఇంకో చుట్టు తిరిగొచ్చింది.

ఇక బుధవారం స్త్రీల కూడిక. మా దగ్గర ప్రతి మనిషీ లేచి, ఆ వారం దేవుడు తనకు చేసిన మేలు సాక్ష్యం చెప్పాలి. అత్త లేచింది.

"ఈ వారం దేవుడు నాకు సంగటి ముద్ద తగ్గించి ఆకుకూర పెంచినాడు. తిన్నెంక కూర్చోనీకుండా నడిపించినాడు. పాదాలు రోజూ తిప్పి చూసుకోమన్నాడు. మాత్ర మానొద్దన్నాడు."

"హల్లెలూయ!" అన్నారందరూ. రెజీనమ్మ గొంతు అందరికంటే పైన.

ఇంటికొచ్చాక అడిగాను. "అత్తా, యాప్ మాటలు చెప్పొద్దన్నాడు గదా ఆ అబ్బాయి?"

"నేనెవరికి చెప్పినానమ్మే? దేవునికి చెప్పినా. పక్కనోళ్ళు ఇన్నారు."

బీఎస్సీలో మేం రెండు కుండీల్లో మొక్కలు పెట్టి, ఒకదానికే ఎరువు వేసి చూసేవాళ్ళం. ఎరువు పక్క కుండీలోకి కారితే ప్రయోగం పోయినట్టే. కానీ ఆ సాయంత్రం నుంచి రెజీనమ్మ మా అత్త చెయ్యి పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఆ పాఠం నేను వెంటనే మరిచిపోయాను.

ప్రతి బుధవారం సాక్ష్యం సాగింది. మామిడికాయల కాలంలో మాత్రం, "బనగానపల్లె పండు ఒక్క ముక్క చాలన్నాడు దేవుడు," అంటే హల్లెలూయ బాగా నీరసంగా వచ్చింది.

ఆరు నెలలు నిండాయి. రక్తాలు తీశారు. రెజీనమ్మ షుగర్ దిగింది, డాక్టరు ఒక కంటికి ఆపరేషన్ కూడా చేసేశాడు. క్రాంతి కుమార్ మాత్రం దిగాలుగా వచ్చాడు.

"చాలాచోట్ల జనం కొన్నాళ్ళకే యాప్ తెరవడం మానేస్తారు. ఇక్కడ ఎవరూ మానలేదు. కానీ యాప్ లేనివాళ్ళకూ అంతే దిగింది! తేడా లేదని రాయాలి. ఎట్లా జరిగిందో అర్థం కావడం లేదమ్మా."

"బుధవారం రాప్పా, అర్థమైతాది," అంది అత్త.

వచ్చి వెనక చాప మీద కూర్చున్నాడు. నల్లద్దాల రెజీనమ్మ పుస్తకం తెరిచి, చరణాలన్నీ వరసగా, ఒక్కటీ తప్పకుండా పాడింది. తప్పుకు అలవాటుపడిన మేమే తడబడ్డాం. తర్వాత సాక్ష్యానికి లేచింది.

"జ్ఞానమణక్కకు దేవుడు ఫోనులో చెప్పినవన్నీ నేనూ చేసినా. ఈ పొద్దు అక్షరం కనబడతాండాది."

మా అత్త కొంగు సర్దుకుని, పెళ్ళిపీటల మీద ఉన్నంత నిటారుగా కూర్చుంది. ఆ వీపు చూస్తే నాకూ ఛాతీ ఉప్పొంగింది. సంగతి అర్థం చేసుకుని క్రాంతి కుమార్ నవ్వేశాడు.

"నా పరిశోధన ముంచేశారమ్మా," అన్నాడు బయటికొచ్చాక.

"అందరికీ దిగింది గదప్పా. ముంచడమంటే ఇదేనా?"

"జరిగింది జరిగినట్టే రాస్తాను. యాప్ ఒక్కటే కాదు, ఈ కూడికనూ పరీక్షించాలి. ఈసారి ఊళ్ళో చీటీలు తీయను. యాప్ మీ ఊరంతటికీ. యాప్ లేని జట్టు వేరే ఊరు." ఆ ఊరి పేరు చెప్పాడు.

అత్త ముఖం వెలిగిపోయింది.

"శానా మంచి ఊరప్పా. ఆడ మా చెల్లెలు వరమ్మ ఉండాది."