దూది తాగిన యాస

ఈ కథ నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తారా? మంచిది, దించకండి. కథ అయ్యేసరికి ఆ చేత్తోనే చెంపలేసుకుందురు గాని.

మెటల్ అంటే ఇనుము ఇనుముతో కలబడే పాట. ఆ పాట పాడిన గొంతుల్లో ఉరుము గొంతుని మించింది అప్పటికీ లేదు, ఇప్పటికీ లేదు, ఇకముందు పుడితే ఆ పూచీ నాది కాదు. ఉరుము అన్నది వీధి పెట్టిన పేరు. అతను కడుపులోంచి ఒక్క గర్జన తీస్తే చుట్టుపక్కల తలుపులకి వేసిన తాళాలన్నీ ఊడి కిందపడేవి. సరే, ఒక్క తాళమే. అదీ పాతదే. కానీ ఊడింది.

అంతటి గర్జనా పుట్టింది పరుపుల కొట్లో. పొద్దున్నే ఉరుము నాన్న పైకప్పుకి వేలాడదీసిన విల్లు అందుకుని, దాని తాడు మీద కొయ్యగూటంతో కొడుతూ దూది ఏకేవాడు. ఆ తాడు ఒకసారి మోగి ఊరుకునేది కాదు. మోత అయిపోయాక కూడా సన్నగా ఊగుతూనే ఉండేది. నాన్న మాటా అంతే. ప్రతి మాట చివరా ఓ తోక, ఆ తోక కాసేపు గాల్లో ఊగడం. తాతదీ అదే యాస, తాత తండ్రిదీ అదే. తల్లి లేని పిల్లాడు నాన్న మాటే విని మాట నేర్చాడు కాబట్టి ఉరుము నాలిక మీదా అదే తోక.

దూది సంగతి ఆ వీధిలో అందరికీ తెలిసిందే. దూది విన్నది దాచుకుంటుంది. దాచుకున్నదాన్ని, తన మీద తలపెట్టి పడుకున్నవాళ్ళ నోటికి ఇచ్చేస్తుంది. అందుకే కొనడానికొచ్చినవాళ్ళు తెల్లగా ఉందా, మెత్తగా ఉందా అని అడిగేవాళ్ళు కాదు. "ఏం విన్న దూదండీ ఇది?" అని అడిగేవాళ్ళు.

"వాన విన్నదమ్మా, హాయిగా పడుకో," అనేవాడు నాన్న.

చంటిపిల్లల దిండ్లకైతే కూనిరాగం తీస్తూ ఏకేవాడు. ఆ కొట్టుకి ఉన్న నియమం ఒక్కటే. ఏ దూదైనా సరే కుట్టేముందు బెత్తంతో దులపాలి, పాత మాటలన్నీ రాలిపోవాలి. ఓసారి వేలంపాటలు జరిగే హాలు నుంచి వచ్చిన దూదిని సరిగ్గా దులపకపోతే, దాని మీద పడుకున్న పెద్దమనిషి పొద్దున్నే లేచి తన కాఫీ గ్లాసుని తనే వేలం వేశాడు. నాన్న ఆ దిండు వెనక్కి తెచ్చి, విప్పి, దులిపి, మళ్ళీ కుట్టి, ఏమీ అనుకోవద్దని చెప్పి ఇచ్చొచ్చాడు.

ఉరుము బ్యాండు సాధన చేసేది కూడా కొట్టు వెనక దూది గోదాంలోనే, సెలవురోజు మధ్యాహ్నాలు. బేళ్ళ మధ్య ఎంత గొంతు చించుకున్నా పక్కింటి పాపాయి నిద్ర చెడేది కాదు. డ్రమ్స్ వాయించేవాడు వెల్డరు. గిటార్ ఉరుము మరదలిది. ఆ పిల్ల పళ్ళ డాక్టరు దగ్గర పని చేసేది. "రోగుల కేకలు విని విని ఈ పాటలు నాకు జోలపాటలైపోయాయి," అనేది. వాళ్ళు పాడేవన్నీ సముద్రాల అవతలి ఒక బ్యాండు పాటలు. ఆ భాష ముగ్గురిలో ఎవరికీ రాదు. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ గర్జించాలో మాత్రం వచ్చు. అర్థాలు మరదలు ఎక్కడెక్కడో వెతికి చెప్పేది.

ఊళ్ళో జరిగిన పెద్ద బ్యాండ్ల పోటీలో ఉరుము ఎంచుకున్నది మృత్యువుని రమ్మని సవాలు చేసే పాట. వెల్డరు డ్రమ్స్ మీద పిడుగులు కురిపించాడు. ఉరుము నోరు తెరిచి, ఆ పరాయి భాషలో "రా మృత్యువా" అన్నాడు. మాట చివర తోక ఊగింది. మృత్యువుని సవాలు చేసినట్టు లేదు, దూరపు చుట్టాన్ని భోజనానికి పిలిచినట్టుంది. రికార్డులు కంఠతా పట్టిన కుర్రకారు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. తీర్పు చెప్పే పెద్దాయన నవ్వు ఆపుకుని, "గొంతు రాక్షసుడిదే బాబూ. యాసే పరుపుల కొట్టుది," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మరదలు అతన్ని ఊరడించాలని చూసింది. "పోనీలే బావా. మృత్యువు కూడా పాపం ఆకలిగా ఉందేమో, ఎవరూ పిలవరు దాన్ని."

ఉరుము నవ్వలేదు. ఇంటికెళ్ళాక నాన్న "ఎలా పాడావురా?" అని అడిగాడు. ఆ అడగడంలో తోక అంత పొడుగ్గా ఊగుతుందని అతను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి విన్నాడు. చెవులు మండాయి. మొహం కడుక్కునే వంకతో పెరట్లోకి పోయాడు.

ఇక చూడండి సాధన. తపస్సు చేసిన మునులు కూడా మధ్యలో ఒళ్ళు విరుచుకుని ఉంటారు, ఉరుము అది కూడా చెయ్యలేదు. చెవులకి రికార్డు తగిలించుకుని, గోదాం మూలనున్న బేలుకి ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటనీ తోక తెగేదాకా అన్నాడు. తెగిన తోకలన్నీ దూదిలోకి ఇంకాయి. ఎండిన నేల నీళ్ళు తాగినట్టు దూది తాగింది. ఓ రోజు పొద్దున్న చూసుకుంటే నాలిక మీద ఏమీ మిగల్లేదు.

"నాన్నా, టీ తాగావా?" అన్నాడు. రేడియోలో వార్తలు చదివేవాళ్ళు కూడా అంత శుభ్రంగా అడగలేరు.

నాన్న చేతిలో గూటం ఆగింది. "తాగానండీ," అన్నాడు. "మీరు తాగారా?"

అని, తనే నాలిక కరుచుకున్నాడు. ఆయన తప్పేముంది? అలాంటి మాట చెవిన పడితే మన నోరు దానంతటదే లేచి నిలబడుతుంది. మరదలి నోరూ అలాగే నిలబడింది. "రండి బావగారూ," అంది.

"ఏమిటే, వెటకారమా?"

"కాదండీ. నువ్వు అందామనే చూస్తున్నాను, రావట్లేదు," అందా పిల్ల దిగులుగా.

ఉరుముకి ఎలా ఉంది? చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, బాగుంది. కొన్నాళ్ళు చాలా బాగుంది.

అప్పుడే ఆ సముద్రాల అవతలి బ్యాండు ఈ ఊరు వస్తోందన్న కబురు తెలిసింది. ఉరుము కొత్తగా పాడి పంపిన పాట వాళ్ళు విన్నారు. వాళ్ళకంటే ముందు స్టేజి మీద అతన్ని పాడించమన్నారు. నచ్చితే తమ వెంట దేశదేశాలూ తిప్పుతామన్నారు. వాళ్ళ గాయకుడు కొండంత మనిషి, నడుందాకా గడ్డం. ఆయన్నందరూ గడ్డం అనే పిలిచేవాళ్ళు. మామూలు మంచం మీద పట్టడు. అందుకని ఆయన దిగబోయే లాడ్జి వాళ్ళు పరుపుల కొట్టుకి పెద్ద పరుపు, దిండు పురమాయించారు.

నాన్నకి నడుం పట్టేసి ఉంది. పని ఉరుము మీద పడింది. చేతికందిన బేలు గోదాం మూలదే. దాన్ని దులపాలంటే దుమ్ములో నిలబడాలి, దుమ్ము గొంతుకి పడదు. అసలు సంగతి అది కూడా కాదు. అంత మాట నేర్చినవాడికి బెత్తం పట్టుకోవడం నామోషీ అనిపించింది. దులపకుండానే కూరాడు, కుట్టేశాడు.

"దులిపారాండీ?" అని అడిగాడు నాన్న, గోడకి చేరగిలబడి.

"దులిపాను," అన్నాడు ఉరుము. ఆ గొంతులో అబద్ధం కూడా కడిగిన గాజులా ఉంది.

కచేరీ రోజు సాయంత్రం, స్టేజి వెనక గదిలో నిర్వాహకుడూ, ఊరి పెద్దమనుషులూ ఉరుము చుట్టూ చేరి ఉన్నారు. అంతలో నాన్న వంగిన నడుంతోనే వచ్చాడు. చంకలో గుండ్రటి మెత్త. వెల్డరు కూర్చునే స్టూలు గట్టిగా ఉందని ఎప్పుడో అంటే గుర్తుపెట్టుకుని, కొత్త దూది పెట్టి తనే కుట్టాడు. ఎవరితో ఏమనాలో తెలీక గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరీయన?" అని నిర్వాహకుడు అడిగాడు.

ఉరుము ఒక్క క్షణం చూశాడు. నాన్న చొక్కాకి, కనుబొమలకి దూది పీచులు. ఇప్పుడీయన నోరు తెరిస్తే ఆ తోక ఈ గదిలో ఊగుతుంది.

"పరుపులు తెచ్చినాయన," అన్నాడు.

నాన్న మొహం ఏం మారలేదు. మెత్తని ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాడు. "అవునండీ," అన్నాడు, వినపడీ వినపడకుండా. గిటార్ తీగలు సవరిస్తున్న మరదలు తలెత్తి ఉరుము వైపు చూసింది. ఆ చూపుకి అతని చెవులు మళ్ళీ మండాయి. కానీ అప్పటికి స్టేజి మీదకి పిలుపొచ్చేసింది.

పాడాడు. ఒక్క అక్షరం పక్కకి పోలేదు. రికార్డుకీ అతనికీ తేడా చెప్పినవాడికి నా మీసం రాసిస్తాను. జనం చప్పట్లు కొట్టారు, బస్సు వేళకి వచ్చినందుకు కొట్టినట్టు. ఉరుము దిగి పక్కన నిలబడ్డాడు.

గడ్డం ఎక్కాడు. ప్రయాణం బడలికతో ఆ మధ్యాహ్నమంతా లాడ్జిలో కొత్త పరుపు మీద పడుకుని, కచేరీ వేళకే లేచొచ్చాడు. అదే పాట ఎత్తుకున్నాడు. తన సొంత భాషలో, తను పుట్టి పెరిగిన భాషలో "రా మృత్యువా" అని గర్జించాడు. మాట చివర తోక ఊగింది.

హాలు నవ్వలేదు. పోటీలో పడీపడీ నవ్విన కుర్రకారే ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. దూరపు చుట్టాన్ని పిలిచినట్టే ఉంది ఆ పిలుపు. ఎంత ఆలస్యమైనా రా, కాళ్ళు కడుక్కో, కూర్చో అన్నట్టుంది. పోలీసులు, టికెట్లు చింపేవాళ్ళు, ఎవరికి వాళ్ళు తమ ఇంట్లోంచి వెళ్ళిపోయినవాళ్ళని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నారు. స్టేజి కిందకి కన్నీళ్ళు కాలవకట్టి కరెంటు తీగలు తడిశాయంటే మీరు నమ్మరు. తడిశాయి.

ఉరుము గోడ పట్టుకున్నాడు. అది నాన్న పిలుపు. ముక్కస్య ముక్క, ఊపస్య ఊపు.

పాట అయ్యాక గడ్డం మైకులో ఏదో చెప్పాడు. నిర్వాహకుడు మన భాషలోకి మార్చాడు. "మధ్యాహ్నం పడుకుని లేచేసరికి ఈ యాస నా నోట్లో ఉంది. నాది కాదు. ఇన్నేళ్ళూ మృత్యువుని తిడుతూ పాడాను, పిలవడం ఇవాళే. ఇది ఎవరిదో చెబితే అప్పజెప్పి వెళ్తాను."

హాలంతా తలలు తిప్పి చూసింది. ఉరుము నోరు విప్పితే దేశాలు తిరగడం ఉండదు. తెచ్చిపెట్టుకున్న మాటగాడిని వాళ్ళు మాత్రం ఏం చేసుకుంటారు? నోరు విప్పకపోతే నాన్న యాస గడ్డం వెంట సముద్రాలు దాటిపోతుంది. స్టేజి ఎక్కి మైకు అందుకున్నాడు.

"మాది," అన్నాడు. "మా ఇంటిది. మా నాన్నది."

అంత శుభ్రమైన మాటకి హాలు నవ్వింది. "మీకెందుకు సార్ ఇలాంటి యాస?" అన్నాడు ఎవడో వెనక బెంచీలోంచి. "మీది చూడబోతే రేడియోలో పుట్టినట్టుంది."

ఉరుము మెట్లు దిగి, స్టేజి పక్క గుమ్మం దగ్గర మెత్త పట్టుకుని నిలబడ్డ నాన్న దగ్గరికి వెళ్ళాడు. "నాన్నా, ఒక్క మాట అను. చాలు."

"నేనేమంటానండీ," అన్నాడు నాన్న. ఎత్తిపొడుపు కాదు, ఆయనకి ఎత్తిపొడవడం రాదు. నిజంగానే తోచలేదు. "పరుపులు తెచ్చినాయన్ని కదా."

ఉరుము తల ఎత్తలేకపోయాడు. మైకు ఇంకా అతని చేతిలోనే ఉంది. అంత పెద్ద హాలూ ఆ మాట విన్నది. మాట చివర తోక ఊగడమూ విన్నది. నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. నాన్న అందరూ తన వంకే చూడటం గమనించి కంగారుపడ్డాడు. కొడుకు మీదకి ఏదో మాట వస్తోందనుకున్నట్టున్నాడు.

"మా అబ్బాయేనండీ," అన్నాడు హాలుతో. "మంచివాడండీ. బాగా పాడతాడు."

గడ్డం స్టేజి మీద నుంచే ఆయనకి నడుం వంచి దణ్ణం పెట్టాడు. గడ్డం చెక్కలకి తగిలింది.

మర్నాడు పొద్దున్న లాడ్జి నుంచి పరుపూ దిండూ కొట్టుకి తిరిగొచ్చాయి, వెనకే గడ్డం. ఉరుము కుట్లు తనే విప్పాడు. నాన్న నడుం బిగించి విల్లు మోగించాడు. దూది పీచులు పీచులుగా లేచి కొట్టంతా మంచు కమ్మినట్టయింది. అందులో గడ్డం, ఉరుము పక్కపక్కనే కూర్చుని ఊపిరి పీల్చారు, గడ్డం నాలిక దులపడానికి, ఉరుము నాలిక నింపడానికి. గడ్డం ఒక చిన్న దిండు తన వెంట ఉంచుకుంటానని సైగ చేస్తే నాన్న కట్టి ఇచ్చాడు. వెంట రమ్మని ఉరుముని ఎవరూ పిలవలేదు. పిలిచినా అతను వెళ్ళేవాడు కాదనుకుంటాను.

దుమ్ము అణిగాక ఉరుము తుమ్మాడు. "టీ పెట్టనా నాన్నా?" అన్నాడు. తోక ఊగింది.

"ముందా సూది ఇలా ఇవ్వరా వెధవా," అన్నాడు నాన్న. "పెద్ద పాటగాడు బయల్దేరాడు, దూది దులపడం రాదు గాని."

అంత తియ్యటి తిట్టు ఉరుము అంతకుముందు తినలేదు. బ్యాండు ఇప్పటికీ పరాయి భాషలోనే పాడుతుంది, పరుపుల కొట్టు యాసలో. మృత్యువుని భోజనానికి పిలిస్తే జనం బారులు తీరతారు. అన్నీ బాగానే ఉన్నాయి, ఆ గుండ్రటి మెత్త తప్ప.

స్టేజి వెనక గదిలో ఉరుము ఆ మాట అన్నప్పుడు అది నాన్న చంకలో ఉంది. కొత్త దూది. విన్నది. వెల్డరుకి ఇవ్వడం మరిచిపోయి నాన్న దాన్ని కొట్టుకే తెచ్చుకున్నాడు. విల్లు దగ్గర దాని మీదే కూర్చుని పనిచేస్తాడు.

"అది ఇలా ఇయ్యి నాన్నా, దులిపి కుడతాను," అని ఉరుము ఒకసారి అడిగాడు.

"మెత్తగానే ఉందిలేరా. ఉండనీ," అన్నాడు నాన్న.

రెండోసారి అడగడానికి మొహం చెల్లలేదు. రోజూ ఎదురుగా కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తాడు, ఆ మెత్త వైపు చూడకుండా.

నమ్మరా? లాడ్జిలో కునికిపాట్ల మేనేజరుని అడగండి. దిండ్ల కోసమొచ్చి, నాన్న టీకి లేచిన వేళ ఆ మెత్త మీద తలవాల్చి ఓ కునుకు తీశాడు. లేస్తూనే కడిగిన గాజులాంటి గొంతుతో "పరుపులు తెచ్చినాయన," అన్నాడు. ఉరుము చేతిలో సూది వేల్లో దిగింది. అప్పుడే గుమ్మంలోకొచ్చిన నాన్న ఏమీ విననట్టు మెత్త తీసుకుని, ఓసారి చేత్తో తట్టి, దాని మీద కూర్చుని విల్లు అందుకున్నాడు. కునికిపాట్ల మేనేజరు. ఆ లాడ్జిలోనే ఉంటాడు. మెలకువగా ఉన్నప్పుడు వెళ్ళండి.