వెంటబడిన చేప

పొద్దున్నే లేచి మార్లిస్ ట్వెటెన్ చేసే మొదటి పని, రేవు చెక్కల మీద బోర్లా పడుకుని సరస్సులో మోచేతి దాకా చెయ్యి ముంచడం. వాళ్ల నాన్న ఐనార్ బతికున్న రోజుల్లో ఆయనా అదే చేసేవాడు. నీళ్లు బాగున్న కాలంలో గోళ్ల కింది మట్టి కూడా కనిపించేది. రెండేళ్లుగా మసకబారుతూ వచ్చి, ఈ ఏడు జూలై నుంచీ మణికట్టు దాటాక చెయ్యి ఉందో లేదో తెలియడం లేదు. పైకి తీస్తే పచ్చటి పాచి తొడుక్కుని వస్తోంది. ఆవిడ దాన్ని ప్యాంటుకు తుడుచుకుని, పక్కింటి పచ్చికను ఒక చూపు చూసి, పళ్ల మధ్య ఒక తిట్టు నమిలి, అప్పుడు లోపలికెళ్లి కాఫీ పెట్టుకునేది.

పక్కింటావిడ డెల్ఫీన్ ఓస్ట్రాండర్. షికాగోలో పిల్లలకు పియానో నేర్పి, ఆ పని చాలించుకుని, ఇక్కడ కాపర్ కెటిల్ సరస్సు ఒడ్డున పెద్ద ఇల్లు కొనుక్కుంది. ఇంటి ముందు గడ్డి నీటి అంచు దాకా పరిచి ఉంటుంది. గడ్డికి వేసిన ఎరువు వానకు కొట్టుకొచ్చి నీళ్లలో పాచిని మేపుతుందని ఈ ఒడ్డున పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. అందుకని సరస్సుకు జబ్బు చేసిందనగానే అందరూ డెల్ఫీన్ గడ్డినే అనుకున్నారు. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా అన్నది మార్లిస్.

ఆవిడ బాధ ఆవిడది. నాన్న కట్టిన నాలుగు క్యాబిన్లు, ఒక పడవ, అంతే ఆవిడ బతుకుతెరువు. వేసవి, ఆకురాలే కాలం వస్తే ఇల్లినాయ్ నుంచి, అయోవా నుంచి జనం వచ్చి క్యాబిన్లలో దిగుతారు. ఆవిడ వాళ్లను పడవెక్కించి మస్కీ చేపల వేటకు తీసుకెళుతుంది.

మస్కీ అంటే మనిషి కాలంత పొడవు, ఒళ్లంతా చారలు, నోటినిండా పళ్లు. దాన్ని పట్టినవాళ్లకన్నా చూసి వచ్చినవాళ్లే ఎక్కువ. ఎర వెనకాలే తీరిగ్గా పడవ దాకా వస్తుంది, చూస్తుంది, పోతుంది. అందుకే ఎర పడవ దగ్గరకు రాగానే పైకి లాగెయ్యకూడదు. గాలం కర్ర కొస నీళ్లలోకి ముంచి ఎనిమిది అంకె గీసినట్టు తిప్పాలి. ఆ మలుపుల్లో దానికి తిక్క రేగి కరుస్తుంది. కరవలేదనుకోండి, ఒక్కోసారి ఎరను వదిలేసి మనిషిని పట్టుకుంటుంది. పడవ దిగి ఇంటికి పోతుంటే మోకాలెత్తున గాలిలో ఈదుకుంటూ వెనకే వస్తుంది.

దానికెవరూ కంగారు పడరు. తలుపు వేసేటప్పుడు తోక లోపలికొచ్చిందో లేదో చూసుకుంటారు, ఒళ్లు ఆరకుండా మధ్యమధ్యలో నీళ్లు చల్లుతారు. పొద్దుగూకేలోగా మళ్లీ రేవు దాకా నడిస్తే అది నీళ్లలోకి జారిపోతుంది. ఊళ్లో బారు నడిపే క్లెటస్ పెళ్లినాడు ఒకటి అతని వెంట చర్చిలోకే వచ్చేసింది. పాస్టరుగారు ప్రమాణాలు మధ్యలో ఆపి, బాప్తిస్మం తొట్టిలోంచి దోసెడు నీళ్లు దాని వీపున చల్లి, ఆపినచోట అందుకున్నాడు.

ఏటా ఎవరో ఒకరి వెంట చేప పడుతూనే ఉండేది. ఈ ఏడు ఒక్కరి వెంటా పడలేదు. ఊరికి అదే పెద్ద దిగులు.

శుక్రవారం సాయంత్రం క్లెటస్ బారులో చేపల వేపుడు తింటూ మార్లిస్ అందరూ వినేలా చెప్పేసింది.

"ఈ నెలాఖరుదాకా చూస్తా క్లెటస్. ఒక్క చేపన్నా నా వెంట వచ్చిందా, ఉంటా. రాలేదా, పడవా క్యాబిన్లూ అమ్మేసి గ్రీన్ బేలో మా చెల్లెలి దగ్గరకు పోతా. కాగితం మిల్లులో పని చూస్తానంది."

"నువ్వూ, మిల్లులోనా?" అన్నాడు క్లెటస్ గ్లాసు తుడుస్తూ. "గోడలున్న చోట నువ్వు రెండురోజులు కూడా ఉండలేవు మార్లీ."

"చచ్చిన సరస్సు పక్కన ఉండటంకన్నా నయమే. అడుగు, అదిగో ఆ మూల కూర్చున్నావిణ్ణి అడుగు. గడ్డి ఎలా ఉంది మేడమ్? బాగా ఎదుగుతోందా?"

మూల బల్ల దగ్గర ఒక్కతే కూర్చున్న డెల్ఫీన్ ముల్లుగరిట కింద పెట్టింది. "బాగానే ఉంది. అడిగినందుకు సంతోషం," అని మళ్లీ తినడంలో పడింది. బారులో నలుగురు నవ్వారు. మార్లిస్‌కు ఆ నవ్వు అనుకున్నంత రుచించలేదు.

మర్నాడు నార్బర్ట్‌ను పడవెక్కించుకుని వెళ్లింది. నార్బర్ట్ ఇల్లినాయ్‌లో పళ్ల డాక్టరు. ఏటా రెండో క్యాబిన్లో దిగుతాడు, ఏటా ఏమీ పట్టకుండా పోతాడు, అయినా సంతోషంగానే పోతాడు. మధ్యాహ్నం మబ్బు పట్టింది. క్యాబేజీ ఆకుల్లాంటి నాచు ఉండే మూలలో అతను ఎర విసిరి లాక్కొస్తుంటే దాని వెనక నీళ్లలో ఏదో పొడుగాటిది కదిలింది. నార్బర్ట్ చూడలేదు. ఎరను తడితడిగా పడవలోకి ఎత్తేసి, ఇంకోసారి విసరడానికి చెయ్యి వెనక్కెత్తాడు.

"ఎనిమిది గియ్యవయ్యా! ఎన్నేళ్లొచ్చినా ఎనిమిది గియ్యవేం?" అని కసురుతూ మార్లిస్ తన గాలం కర్ర కొస నీళ్లలో ముంచింది. ఒక ఎనిమిది, దాని మీద ఇంకొకటి. పచ్చటి నీళ్లలోంచి మొహం పైకొచ్చింది. ముసలి ఆడచేప. ఎరను చూడనైనా చూడలేదు. మార్లిస్‌నే చూసింది.

పడవ కట్టి రేవు మీద పదడుగులు వేశారో లేదో, వెనక నీళ్లు చిట్లిన చప్పుడైంది.

"వచ్చింది! నాది కదూ అది?" అని గంతేశాడు నార్బర్ట్. "నా ఎర వెనకే వచ్చింది!"

"నీదైతే నీ వెనకాల వచ్చేది. పో, పోయి స్నానం చెయ్యి, పాచి కంపు కొడుతున్నావ్."

మార్లిస్‌కు గుండె నిండిపోయింది. తిరిగి చూడకుండా నెమ్మదిగా ఇంటివైపు నడిచింది. ఉండిపోవచ్చు. మిల్లుకు పోనక్కర్లేదు. చెల్లెలికి ఏమని చెప్పాలో మాటలు పేర్చుకుంటుండగా, చేప ఆవిడ మోకాలి పక్కనుంచి దాటుకుని ముందుకు వెళ్లిపోయింది. మార్లిస్ నిలబడిపోయింది. వెంటబడిన చేప మనిషిని దాటడం ఆవిడ పుట్టాక ఎప్పుడూ చూడలేదు, వినలేదు.

అది ఇంట్లోకి పోలేదు. రెండో క్యాబిన్ వెనక్కు తిరిగింది. అక్కడ గడ్డి మహా దట్టంగా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఎంత ఎండలోనూ వాడదు. నాన్న చేతి చలవ అని మార్లిస్ మురిసిపోయేది, అతిథుల కోసం బల్లా బెంచీలూ అక్కడే వేయించింది. చేప సరిగ్గా ఆ గడ్డి మీద, జానెడెత్తున, తిరగడం మొదలుపెట్టింది. ఇటు ఒక సున్నా, అటు ఒక సున్నా. ఎనిమిది గీస్తోంది.

మార్లిస్ దానికి ముందు నడిచి చూసింది. రాలేదు. రేవువైపు పోతూ నాలుక చప్పరించింది. రాలేదు. ఆదరాబాదరాగా లోపలికెళ్లి గిన్నెతో నీళ్లు తెచ్చి పోసింది. చేప ఒళ్లు ఆ కాస్తసేపట్లోనే ఆరిపోతోంది. పొద్దు చెట్ల మీదికి దిగింది.

"దానికి గిన్నె చాలదు," అన్న మాట వినిపించింది. పూలమొక్కలకు నీళ్లుపోసే డబ్బాతో డెల్ఫీన్ కంచె దాటి వస్తోంది. "ఇందాకటి నుంచి కిటికీలోంచి చూస్తున్నాను. ఎందుకిలా తిరుగుతోందో తెలుసుకోకుండా ఉండలేకపోయాను. తిట్టాలనుంటే తిట్టు, కానీ ముందు నన్ను పొయ్యనీ."

ఆవిడ చేపతో పాటు నడుస్తూ, అది మలుపు తిరిగితే తనూ తిరుగుతూ, సన్నటి ధారగా వీపున నీళ్లు పోసింది. చేప మొప్పలు నిదానించాయి.

"ఇక్కడేం ఉంది కింద?" అంది డెల్ఫీన్.

"ఏమీ లేదు. గడ్డి."

"గడ్డే. మా గడ్డికన్నా పచ్చగా ఉంది."

"మీ గడ్డికి బస్తాలకు బస్తాలు ఎరువు పోస్తారుగా!"

"మానేసి రెండేళ్లయింది. నువ్వు బారులో మొదటిసారి అన్నావే, ఆ మర్నాటి నుంచే. ఇప్పుడున్నది సగం కలుపు మొక్కలే. దగ్గరకొచ్చి చూస్తేగా తెలిసేది."

"మరి ఆ మాట చెప్పరేం?"

"అడిగావా?" అంది డెల్ఫీన్. "నువ్వు అడిగిందల్లా గడ్డి బాగా ఎదుగుతోందా అని. నిజమే చెప్పాను."

మార్లిస్ బెంచీ మీద చతికిలబడింది. అప్పుడు తగిలింది వాసన. ఎప్పుడూ ఉన్నదే, చేపలు కోసిన బల్ల వాసన అనుకునేది. నాన్న ఈ చోటే గొయ్యి తవ్వడం, తను గట్టున కూర్చుని కాళ్లూపడం లీలగా గుర్తొచ్చింది. నాలుగు క్యాబిన్ల మురుగూ పోయే ట్యాంకు అది. మేస్త్రీని పిలవకుండా ఆయనే చేత్తో ఇనుప ట్యాంకు పాతి, పైన గడ్డి వేశాడు. ఆ తరవాత దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు. అన్నీ బాగానే పోతున్నాయి కదా, ఎక్కడికి పోతున్నాయని ఎవరడుగుతారు?

పార తెచ్చి తవ్వింది. ఎక్కువ తవ్వక్కర్లేకపోయింది. తుప్పు పట్టిన రేకు పార కొసకు బిస్కెట్టులా విరిగింది. కిందినుంచి నల్లటి నీళ్లు ఉబికి, ఆవిడ బూట్ల పక్కనుంచి సరస్సువైపు, ఎప్పుడూ నడిచే దారిలా, పల్లానికి నడిచాయి. డెల్ఫీన్ ముక్కు మూసుకుంది గానీ నీళ్లు పొయ్యడం మానలేదు. చేప ఇంకా తిరుగుతూనే ఉంది.

మార్లిస్ పారమీద గడ్డం ఆనించి నిలబడింది. సిగ్గు ఒళ్లంతా మండింది. దానికన్నా భయం ఎక్కువైంది. ఈ నీళ్లు ఆపాలంటే నాలుగు క్యాబిన్లూ మూసెయ్యాలి, అదీ సీజను మధ్యలో. క్యాబిన్లు లేకపోతే అతిథులు లేరు, అతిథులు లేకపోతే పడవెక్కేవాళ్లు లేరు. చేప వస్తే ఉండిపోవచ్చనుకుంది. వచ్చిన చేప వెళ్లిపొమ్మంటోంది. మట్టి కప్పేసి, చేపను రెండు చేతులా ఎత్తుకుపోయి నీళ్లలో వదిలేస్తే ఎవరికీ తెలియదు. ఒక్క డెల్ఫీన్‌కు తెలుసు, ఆవిడ మాట ఊళ్లో నమ్మేదెవరు? ఆ ఆలోచన వచ్చినందుకే మార్లిస్‌కు తనమీద రోత పుట్టింది.

"ఒక్క నిమిషం పొయ్యండి, ఆపకండి," అని చెప్పి, మోటారు గదిలోకెళ్లి మీట దించేసింది. నీళ్ల మోటారు గుర్రుమంటూ ఆగిపోయింది.

వెంటనే రెండో క్యాబిన్ తలుపు తెరుచుకుంది. నడుముకు తువ్వాలు, నెత్తిన సబ్బు నురగ, ఒక కన్ను మూసుకుని నార్బర్ట్.

"మార్లిస్! నీళ్లాగిపోయాయి!"

"ఆగలేదు, ఆపాను."

"ఎప్పుడొస్తాయి?"

"ఇక రావు నార్బర్ట్. ఈ ఏటికి క్యాబిన్లు మూసేశాను. మా మురుగే సరస్సులోకి పోతోంది. పాచి మాది. ఆవిడది కాదు. రేపు బారుకెళ్లి నేనే చెప్తాను."

నార్బర్ట్ నురగ తుడుచుకుని రెండో కన్ను కూడా తెరిచి చూశాడు.

"మా ఇంట్లో మూడు స్నానాలగదులున్నాయి," అంది డెల్ఫీన్. "ట్యాంకు కిందటేడే కొత్తది వేయించాను. మేడమీద గదులన్నీ ఖాళీ. పియానో మీద తడి తువ్వాళ్లు ఆరెయ్యనంటే వచ్చి ఉండవచ్చు. మిగతా క్యాబిన్ల వాళ్లు కూడా."

"ఆరెయ్యను," అని మాటిచ్చి నార్బర్ట్ తువ్వాలు బిగించుకుని కంచెవైపు నడిచాడు.

అప్పటికి చేప తిరగడం ఆపింది. మోటారు ఆగినప్పుడే ఆపిందేమో, వాళ్లు గమనించలేదు. గడ్డి మీద కదలకుండా నిలిచి ఉంది. పొద్దు చెట్ల వెనక్కు జారింది. మార్లిస్ పార పడేసి, "పద తల్లీ," అంటూ రేవు దారి పట్టింది. పది అడుగులు వేసి ఆగింది. వెనక ఏమీ రావడం లేదు.

తిరిగి చూసింది. చేప డెల్ఫీన్ ముందు నిలబడి ఉంది. డెల్ఫీన్ ఒక అడుగు పక్కకు వేసింది. అదీ వేసింది. ఆవిడ డబ్బా రెండు చేతులా పట్టుకుని కొయ్యబారిపోయింది.

"ఏం కావాలి దీనికి? నీళ్లయిపోయాయి."

మార్లిస్‌కు ఒక్క క్షణం అసూయ కలుక్కుమంది. అంతలోనే నవ్వొచ్చింది, ఎన్నాళ్ల తరవాతో.

"నీళ్లు కాదు. మిమ్మల్నే. నడవండి, వెనక్కి చూడకండి. రేవు చివరిదాకా పోయి ఆగండి."

డెల్ఫీన్ నడిచింది. ఆవిడ వెనక మోకాలెత్తున చేప, దాని వెనక మార్లిస్. రేవు చివర చెక్కమీద ముసలావిడ ఆగింది. చేప ఆవిడ గౌను అంచును ఒరుసుకుంటూ కిందికి వంగి, చప్పుడు లేకుండా నీళ్లలోకి దిగిపోయింది. పాచి పక్కకు తప్పుకుని, మళ్లీ దగ్గరకు చేరింది.

డెల్ఫీన్ కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని అడిగింది.

"రేపు పొద్దున దాన్ని వెతుక్కుంటూ పోవాలి. వెంట వచ్చినదాన్ని చూసి రావడం మర్యాద. అయిదింటికి వెచ్చటి బట్టలేసుకుని రండి."

"నాకు గాలం పట్టడం రాదు."

"నేర్పుతా."

"నువ్వు గ్రీన్ బే పోతానన్నావుగా?"

మార్లిస్ పడవ తాడు ముడి ఒకసారి విప్పి, ఇంకొంచెం బిగించి కట్టింది.

"నేను పోతే మీకు పడవ ఎవరు నడుపుతారు?"