ఇరవై రెండు కిలోల సీటు

"కాస్త లే. ఆ సీటు కారుకి బిగించాలి," అన్నాడు మా ఆయన.

నేను వెనక వరండాలో బీన్స్ తుంచుతున్నాను. దేనిమీద కూర్చుని తుంచుతున్నానో ముందు చెప్పాలి. అది ఆయన కారులో పక్క సీటు. నల్లటి తోలు, మెడకి ఆనిక, పక్కన లాగితే వెనక్కి వాలే ఇనప పిడి. టాపు మడిచే కారు, ఇద్దరే పట్టేది, మా పెళ్లయిన రెండో ఏడు కొన్నాడు. కొన్నప్పుడు బుద్ధిగానే ఉండేది. కంపెనీ వాడు ఇచ్చింది ఇచ్చినట్టు నడిపితే ఇక మన గొప్పేముంది అని ఇంజనుకి టర్బో పెట్టించాడు. స్ప్రింగులు మార్పించి కారుని నేలకి ఆనించినంత పని చేశాడు. సైలెన్సర్ పీకించి లావుపాటి గొట్టం వేయించాడు. అది స్టార్టయితే వీధి చివరింట్లో చంటిపిల్ల లేచి ఏడ్చేది. ఆ తర్వాత బరువు తగ్గించే పిచ్చి పట్టుకుంది. బరువు తగ్గితే స్పీడు పెరుగుతుందట. రేడియో పోయింది, ఏసీ పోయింది, కాళ్ళకింద పరిచిన తివాచీ పోయింది. ఒక ఆదివారం నా సీటు పోయింది. "సీటు ఇరవై రెండు కిలోలు, మా ఆవిడ అరవై నాలుగు. ఒక్క దెబ్బకి ఎనభై ఆరు కిలోలు తగ్గించేశా!" అని స్నేహితులకి చెప్పి పగలబడి నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. కాఫీ కప్పుల ట్రే పట్టుకుని నిలబడ్డ నేనూ నవ్వాను. తర్వాత అవే కప్పులు కడుగుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఆయన అన్నందుకు కాదు, నేను నవ్వినందుకు.

నేను ఫర్నిచర్ షాపులో పనిచేస్తాను. పదకొండేళ్ళయింది. షాపులో నలభై సోఫాలున్నాయి, ఒక్కదానిమీదా మేము కూర్చోకూడదు. "కస్టమర్ ముందు అలా చతికిలబడితే ఏం బాగుంటుందమ్మా," అంటాడు మా మేనేజరు, చక్రాలున్న కుర్చీలో గిర్రున తిరుగుతూ. తొమ్మిది గంటలు షాపులో నిలబడి, వచ్చేటప్పుడు బస్సులో నిలబడి, ఇంటికొచ్చి స్టవ్ ముందు నిలబడేసరికి కాళ్ళు నావో పరాయివో తెలియదు. "అస్తమానం కూర్చుంటే నడుం పట్టేస్తుంది. తిరుగుతూ ఉండాలి, అదే ఆరోగ్యం," అంటుంది మా అత్తగారు, మంచం మీద పడుకుని. ఇంట్లో కుర్చీలు లేక కాదు. హాల్లో సోఫా ఉంది, నేనే ఎంచి తెచ్చాను. కానీ అందులో నేను కూర్చోగానే ఎవరికో ఒకరికి నీళ్ళు కావాలి, ఇంకెవరికో కళ్ళజోడు కనపడదు. వెనక వరండాలో ఉంటే మనిషి కనపడదు. మనిషి కనపడకపోతే అందరికీ వాళ్ళ నీళ్ళు వాళ్ళు తాగడం వచ్చేస్తుంది. అందుకే, ఆయన మూల పడేసిన ఆ సీటు కింద మా షాపు వడ్రంగి చేత చెక్క పీట చేయించి ఇక్కడ వేసుకున్నాను. రోజూ అరగంట. ఎనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆ అరగంటా ఈ సీటూ. మా ఆయన మాత్రం, కారెక్కలేకపోయానన్న బెంగతో నేను అందులో కూర్చుంటున్నానని అనుకునేవాడు. కారూ లేదు, బెంగా లేదు. కాళ్ళు పీకుతున్నాయి, అంతే. ఒక్కటే చికాకు, సాయంత్రం వచ్చి చూస్తే నేను పెట్టినదానికంటే సీటు వెనక్కి వాలి ఉండేది. మీరేనా అని ఆయన్ని అడిగితే, "నాకేం పనిలేదా?" అని కసిరాడు.

ఇప్పుడా కారు అమ్మాల్సొచ్చింది. ఆ స్ప్రింగుల దెబ్బకి ఆయన నడుం కదిలిపోయింది. పోయిన నెల పెట్రోలు బంకులో కారు దిగలేక ఇరుక్కుపోతే ఇద్దరు పనివాళ్ళు చంకల కింద చేతులేసి బయటికి లాగారు. ఇంకోసారి అందులో కూర్చుంటే ఆపరేషన్ చెయ్యాల్సొస్తుందని నడుం డాక్టరు చెప్పాడు. అమ్మకానికి పెట్టిన తర్వాత అయిదుగురొచ్చారు. వాళ్ళు నోరు తెరిచేలోపే మా ఆయన టర్బో గురించి ముప్పావుగంట మాట్లాడాడు. సందు దొరకగానే అయిదుగురూ ఒకే మాట అడిగారు, రెండో సీటేదండీ అని. ఆరో ఆయన పళ్ళ డాక్టరు. ఆదివారం భార్యతో వస్తానని, సీట్లు రెండూ ఉంటే అక్కడికక్కడే ఖాయం చేసుకుంటానని ఫోన్లో చెప్పాడు. ఆ ఆదివారం ఇవాళే. అదీ సంగతి.

"ఇది నా సీటు," అన్నాను లేవకుండా.

"నీదేంటి? కారుతో వచ్చింది."

"మరి నేనెక్కడ కూర్చోను?"

"ఇంట్లో ఇన్ని కుర్చీలుండగా దీనికోసం ఏడుస్తావేంటి!" అని బోల్టులు వెతకడానికి గ్యారేజీలోకి పోయాడు. ఎనిమిదేళ్ళ కిందట పీకిన బోల్టులు దొరుకుతాయా? డబ్బాలన్నీ బోర్లించాడు. ఇంకా వెతుకుతుండగానే వాళ్ళు వచ్చేశారు.

పళ్ళ డాక్టరు కారుని చూడగానే చిన్నపిల్లాడైపోయాడు. గొట్టం ముట్టుకున్నాడు, చక్రాలు నిమిరాడు, మా ఆయన చెప్పే ప్రతి ముక్కకీ "అబ్బా" అన్నాడు. అయిదుగురిని తరిమేసిన ఉపన్యాసం ఈయనకి అమృతంలా ఉంది. ఆయన భార్య మాత్రం కారులో డ్రైవరు సీటు పక్కన బోలుగా ఉన్న జాగాని చూస్తూ, ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి బరువు మార్చుకుంటూ నిలబడింది. ఆ మార్చుకోవడం నాకు బాగా తెలుసు.

"నేను ఇందులో వేలాడాలా?" అంది.

"ఉందండీ, భేషుగ్గా ఉంది. మా ఆవిడ చూపిస్తుంది," అన్నాడు మా ఆయన.

వరండాలోకి తీసుకొచ్చాను. ఇక్కడే నా కొంప నేనే ముంచుకున్నాను. మా వృత్తిలో ఒక సూత్రం ఉంది: నిలబడ్డ కస్టమర్ చూసి పోతాడు, కూర్చున్న కస్టమర్ కొంటాడు. అందుకే ఎవరు కనపడినా ముందు కూర్చోబెడతాం. పదకొండేళ్ళ అలవాటు, నా ప్రమేయం లేకుండా నోట్లోంచి వచ్చేసింది.

"కూర్చోండి మేడమ్."

నాలుక కరుచుకునేలోపే ఆవిడ కూర్చుంది. పోనీ, అక్కడితో ఆగానా? చెయ్యి దానంతటదే పోయి పిడి లాగింది, "ఇలా వాలుతుంది మేడమ్" అని చూపించింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. "అమ్మయ్యా," అంది. ఆ అమ్మయ్య ఎక్కడినుంచి వచ్చిందో వింటే తెలుస్తుంది, అరికాళ్ళ నుంచి.

"మా క్లినిక్కులో రెండు కుర్చీలండీ," అంది కళ్ళు తెరవకుండానే. "ఒకదాంట్లో పేషెంటు పడుకుంటాడు. ఒకదానిమీద ఈయన కూర్చుంటాడు. ఉమ్ము లాగే గొట్టం పట్టుకుని నేను నిలబడతాను. పద్నాలుగేళ్ళు."

"ఒక స్టూలు వేయించుకోలేకపోయారా?"

"అడిగాను. గది చిన్నదట, అడ్డమట."

ఇంతలో మగవాళ్ళిద్దరూ వచ్చారు. "నచ్చిందా?" అన్నాడు డాక్టరు.

"కారు సంగతి నాకు తెలియదు. ఇది మాత్రం కావాలి," అందావిడ.

మా ఆయన మొహం చేటంత అయింది. "తీసుకెళ్ళండి, ఇప్పుడే బిగించేస్తా," అంటూ నా వైపు చూశాడు, ఇక లోపలికెళ్ళి కాఫీ పెట్టు అన్నట్టు. ఆవిణ్ణి చూస్తే నాకు జాలేసింది కూడా, అదే నా ఖర్మ. నాలాంటి కాళ్ళే. ఒక్క నిమిషం, పోనీలే పాపం, తీసుకోనీ అనుకున్నాను. పోనీలే అనుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. సినిమాలు పోనీలే, పుట్టింటి ప్రయాణాలు పోనీలే, కారులో చోటు పోనీలే. ఇప్పుడు ఇదీ పోనిస్తే ఇక నాదగ్గర పోనివ్వడానికి ఏమీ మిగలదు. కస్టమర్‌కి లేదని చెప్పకూడదు, ఇంకోటి చూపించాలి, అంటాడు మా మేనేజరు. మొదటిసారి ఆ మాట దాటాను.

"ఇది అమ్మేది కాదు మేడమ్."

"హాస్యమాడుతోందండీ," అని నవ్వాడు మా ఆయన.

"కాదండీ. కారు మీది, అమ్ముకోండి. ఇది బరువని మీరు పారేశారు. మీరు పారేసింది నేను తెచ్చుకున్నాను. ఇవ్వను."

మా ఆయన నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి ఇంకో గొంతు వినిపించింది.

"అది ఇచ్చేస్తే ఊరుకునేది లేదు, చెప్తున్నా," అంది మా అత్తగారు. "కోడలు షాపుకెళ్ళాక పగలంతా నేనెక్కడ కూర్చోవాలిరా?"

నేను నోరెళ్ళబెట్టాను. "అత్తయ్యా, అలా వాల్చి పెట్టేది మీరా?"

"బాగుంటుంది మరి," అంది సిగ్గు లేకుండా.

డాక్టరు దిగులుగా గ్యారేజీ వైపు చూశాడు. "ఒక్క సీటు కారు నేనేం చేసుకోనండీ?" అన్నాడు. బేరం జారిపోతోంది. మా ఆయన నన్ను నమిలి మింగేసేలా చూస్తున్నాడు. అప్పుడు నాలో సేల్సు మనిషి నిద్రలేచింది. కొనేది డాక్టరే, కానీ కస్టమర్ ఆయన కాదు. ఆవిడ వైపు తిరిగాను.

"మేడమ్, ఒక్క సీటయితే ఆదివారం సారు ఒక్కరే వెళ్తారు."

ఆవిడ కళ్ళు తెరిచింది. "ఎంతసేపు?"

"మా ఆయన పొద్దున్న వెళ్తే సాయంత్రానికి వచ్చేవారు. పార్టులు ఏమైనా ఊడితే ఇంకా ఆలస్యం."

"ఇంట్లో నేనొక్కదాన్నేనా?"

"మీరొక్కరే. కాళ్ళు చాపుకుని ఎంతసేపయినా కూర్చోవచ్చు."

ఆవిడ లేచింది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "తీసుకుందామండీ," అంది మొగుడితో. "మీకంత ముచ్చటగా ఉంటే నేనెందుకు అడ్డం? స్టూలు మాత్రం రేపే రావాలి. గదిలో పట్టకపోతే మీది నాకివ్వండి." డాక్టరు తాళాలు తీసుకున్నాడు, పొంగిపోతూ. తల ఊపాడు గానీ స్టూలు మాట చెవిన పడిందో లేదో తెలియదు. మా షాపు ఎక్కడో ఆవిడకి చెప్పి పంపాను, రేపో మాపో ఆవిడే వచ్చి కొనుక్కుంటుందని నాకు నమ్మకం కుదిరింది.

కారు వెళ్ళిపోయిన వారం మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంత చక్కగా అమ్మిపెట్టినా ఇదీ నాకు దక్కిన మర్యాద. ఒక్క సంగతి నాకప్పుడు తట్టలేదు. డాక్టరుగారి భార్య కోసం ఆదివారాలు ఆవిడ మొగుణ్ణి బయటికి పంపించాను సరే, నా మొగుడు నా ఇంట్లో మిగిలాడు. మళ్ళీ ఆదివారం తెల్లారి నుంచి హాల్లోంచి గ్యారేజీకి, గ్యారేజీలోంచి హాల్లోకి కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి వరండాలోకి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నడుం మీద చెయ్యేసుకుని సీటు వైపు చూశాడు.

"నడుం డాక్టరు నన్ను మెత్తటి దానిమీద కూర్చోమన్నాడు," అన్నాడు.

నా మోకాళ్ళు అలవాటుగా లేవబోయాయి. నేను లేవలేదు.

"స్టవ్ మీద పాలు పెట్టాను. పొంగేదాకా అక్కడ నిలబడండి," అన్నాను.

"ఎంతసేపు?"

"వెళ్ళి నిలబడండి, తెలుస్తుంది."