ఎవరి నంబరు రాసుకోమంటారు

సాక్సులో మడత పడకూడదు. పడితే, పైన కాలికి ఊతంగా వేసే బ్రేస్ బిగించాక సాయంత్రానికి ప్రణవి కాలు పుండవుతుంది. పుట్టుకతోనే ఆ కాళ్లలో స్పర్శ లేదు, నొప్పి తెలియదు. అందుకే ఆ మడతను కనిపెట్టే పని జయంతిది. ఆ రోజు ప్రణవి చేరబోయే యూనివర్సిటీలో, వికలాంగ విద్యార్థుల అవసరాలు చూసే డిజెబిలిటీ ఆఫీసు వాళ్లతో మీటింగ్, మోరిస్‌విల్ నుంచి మూడు గంటల దారి. రవికాంత్ కారులోంచి హారన్ కొట్టాడు. "ఇంకా ఎంతసేపు? ఏం చేస్తున్నారు తల్లీకూతుళ్లు?" ఏం చేస్తున్నారో ఆ గదిలోకి తొంగి చూసిన పాపాన పోలేదు ఆ మహానుభావుడు.

దారి పొడవునా జయంతికి అతని మీద కోపం చల్లారలేదు. పోయిన ఆదివారం తెలుగువాళ్లంతా తలో వంటకం తెచ్చుకున్న పాట్‌లక్‌లో అందరి ముందూ చెప్పాడు రవికాంత్, "ప్రణవితో జయంతి కూడా వెళ్తోంది. క్యాంపస్ పక్కనే అపార్ట్‌మెంట్ లీజ్ చేశాను" అని. తను ఊరు మారుతున్న సంగతి పులిహోర ప్లేటు పట్టుకుని నిలబడి పదిమందితో పాటు విన్నది జయంతి. "తల్లంటే నీలా ఉండాలి జయంతీ," అంది పక్కనే ఉన్న స్నేహితురాలు రేష్మ. పొగడ్తలు నోట్లో కుక్కేశాక, కాదనడానికి ఇంకా నోరెక్కడిది? ఇంటికొచ్చి అడిగింది, "మరి నా ఉద్యోగం?" అని. ఎన్నో ఏళ్లకు ఒక ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది, ఆగస్టులో చేరాలి. "ల్యాబ్ జాబే కదా, ఏడాది ఆగితే మునిగిపోయేదేముంది? ప్రణవి పనులు నీకు అలవాటేగా," అన్నాడు. అలవాటట! హైదరాబాద్‌లో చేస్తున్న ఉద్యోగం మానేసి అమెరికా విమానం ఎక్కడం అలవాటు. "సంపాదన వాడు చూసుకుంటాడు, బిడ్డను నువ్వు చూసుకో" అని ఫోన్‌లో అత్తగారు చెబితే సరేనండీ అనడం అలవాటు. ఇన్నేళ్లూ ఒకరి అలవాటు మీద ఇంకొకరు హాయిగా బతికేశారు.

ఆఫీసులో ఒక పెద్దావిడ ఎదురుచూస్తోంది. ఇక్కడ తల్లిదండ్రులు కాదు, ఏం కావాలో విద్యార్థే చెప్పుకోవాలని మొదటే చెప్పి, ప్రణవిని అడిగింది. రవికాంత్ అందుకున్నాడు. "వియ్ మేనేజ్ ఎవ్రీథింగ్. మై వైఫ్ విల్ స్టే విత్ హర్." ఆవిడ మర్యాదగా విని, మళ్లీ ప్రణవి వైపే చూసింది.

"నాకు క్యాంపస్ హాస్టల్లో రూమ్ కావాలి," అంది ప్రణవి ఇంగ్లీషులో. "నా పనులు చూడ్డానికి ఇద్దరు అటెండెంట్స్‌తో మాట్లాడాను, ఇద్దరూ ఓకే అన్నారు." తర్వాత తండ్రికేసి తిరిగింది. "నాన్నా, అమ్మ నాతో ఉండక్కర్లేదు. నేను అస్సలు అడగలేదు కదా?"

జయంతి మనసు చివుక్కుమంది. ఇంత చాకిరీ చేస్తే చివరికి ఇదా అనిపించింది. అంతలోనే తన మీద తనకే కోపం వచ్చింది. పిల్ల తన బతుకు తను అడిగింది. అడగడం చేతకానిది తనకే.

పెద్దావిడ సంతోషించింది. కానీ కొత్తలో అటెండెంట్లు ఒక్కోసారి రారు, మొదటి సెమిస్టర్ అంతా ఇంటివాళ్లు ఒకరు దగ్గర్లో ఉండాలి అంది. పిలిస్తే వచ్చి బ్రేస్ వెయ్యాలి, మంచం మీంచి వీల్‌చెయిర్‌లోకి మార్చాలి. ఎవరి నంబరు రాసుకోమంటారు, అని అడిగింది.

రవికాంత్ ఆలోచించను కూడా లేదు, జయంతి నంబరు చెప్పడం మొదలుపెట్టాడు. స్కూలు నర్సు దగ్గరా, ఫిజియో దగ్గరా, వీల్‌చెయిర్ బాగుచేసేవాడి దగ్గరా ఉన్నది ఆ నంబరే.

"అది కాదు," అంది జయంతి. రవికాంత్ నంబరు మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "హీ వర్క్స్ ఫ్రమ్ హోమ్. హీ కెన్ వర్క్ ఫ్రమ్ ది అపార్ట్‌మెంట్ టూ. ఐ స్టార్ట్ మై జాబ్ ఇన్ ఆగస్ట్."

పెద్దావిడ ప్రణవిని అడిగింది. "ఓకే విత్ మీ," అంది ప్రణవి.

పార్కింగ్‌లో రవికాంత్ మొహం కందగడ్డలా ఉంది. "బయటివాళ్ల ముందు పరువు తీశావు. దాన్ని ఎలా ఎత్తాలో, ఏం చెయ్యాలో నాకేం తెలుసు?"

జయంతి కారు తలుపు తీసింది.

"అది పుట్టిన రోజున నాకూ తెలీదండీ."