గుమ్మంలో అడిగిన పేరు

ఊరికే వచ్చేది గాలొక్కటే, అదైనా చేపనో తుఫానునో వెంటబెట్టుకునే వస్తుంది, మరి ఈ రాజరాజేశ్వరమ్మ తెనాలిలో ఇంత మేడ కట్టించి, మెదడు మీద పరిశోధనంటూ డాక్టర్లను పెట్టి, పక్షవాతం వచ్చినవాళ్ళ చేత బొమ్మలు వేయించి, పాటలు పాడించి, పైసా పుచ్చుకోకుండా పంపుతుందంటే ఏ ఆశా లేకుండానేనా, అనుకుంటూ కాశీవిశ్వనాథం వరండా బెంచీ మీంచి లోపలికే చూస్తున్నాడు, లోపల అతని భార్య రత్తమ్మ, కుడిచెయ్యీ నోటిమాటా రెండూ పడిపోయిన మనిషి, ఎడమచేత్తో కుంచె పట్టుకుని కాగితమంతా నీలం పులుముతోంది, సముద్రమో చీరో, రేపల్లె రైల్లో పక్కవాడు చెప్పనే చెప్పాడు, పోయాక మెదడు తీసుకుంటారంట బాబాయ్, అందుకే ముందునుంచీ మంచి చేసుకుంటారు, అని, నిజమే, ఎర గుచ్చేవాడికి చేప మీద ప్రేమా ఏంటి, వల మీద బతికే నిజాంపట్నం వాడికి తెలియని ఎరా, అదిగో మళ్ళీ ఇక్కడ పనిచేసే ఆ గీతిక అనే పిల్ల రత్తమ్మకి మొగుడి ఫోటో చూపిస్తోంది, ఈయన పేరేంటమ్మా, చెప్పమ్మా, రత్తమ్మ తల వంచేసుకుంది, నిన్నా ఇంతే, పేరు పోయినట్టుంది మేడమ్, అంటోంది ఆ పిల్ల రాజరాజేశ్వరమ్మతో గొంతు తగ్గించి, పోవడమేంటి, నెత్తిన వైర్ల టోపీ పెట్టి లాగేసింది మీరు కాదూ.

లేచి లోపలికెళ్ళి, పదవే ఇంటికి, మా బుర్రలు మా దగ్గరే ఉండనీ, అంటూ ఆమె రెక్క పట్టుకున్నాడు, రాజరాజేశ్వరమ్మ కోప్పడలేదు, అదీ అనుమానమే, మీ ఆవిడ మీ పేరు ఎప్పుడైనా పలికిందా అన్నయ్యా అంది, మొగుడి పేరు ఎవరు పలుకుతారండి, మావా అంటది, అనేసి తనే ఆగిపోయాడు, ఆవిడ నవ్వి, అడక్కూడనిది అడిగాం గీతికా, అంటూ గుమ్మంలోకెళ్ళి రెండు చేతులూ బార్లా చాపి అడ్డం నిలబడింది, పేరు చెప్పందే దారి ఇవ్వను వదినా, ఇదేం వేషం, ఇక ఆడపడుచు కట్నమూ అడుగుతుందా ఏంటి, ఆనాడు పెళ్ళయి ఇంటికొస్తే చెల్లెలు దుర్గ ఇలాగే గుమ్మం పట్టుకుని కదిలితేనా, పసుపుబట్టల్లో రత్తమ్మ చెమటలు కక్కి, చివరికి నేనూ మా కాశీవిశ్వనాథంగారూ వచ్చామని పాటలా సాగదీసి అనేసింది, ఆ ఒక్కసారే, మళ్ళీ ఎన్నడూ లేదు.

ఇప్పుడు రత్తమ్మ ఎడమచెయ్యి పమిట చెంగు వెతుక్కుంది, నోటికి అడ్డం పెట్టుకుంది, నీలం రంగు బుగ్గకంటింది, చెంగు వెనక ఏదో కదిలింది, నేనూ, మా, కా, శీ, వంకరగా, ఆనాటి రాగంలోనే, అతని చెయ్యి ఆమె రెక్క మీంచి జారిపోయింది, ఈ మేడ కట్టించిన ఆవిడ ఏం ఆశించిందో దేవుడికెరుక, తనను ఇన్నాళ్ళూ తొలిచిన అనుమానం మాత్రం ఆవిడ మీద కాదు, రత్తమ్మ మీద, ఆ తలలో తానింకా ఉన్నాడా అని.