ఎడమచేతి మసక

భర్త పోయి ఇరవై రోజులైంది. ఆమె ఇంతవరకూ కంట తడి పెట్టలేదు. "ఏం గుండెరా బాబూ!" అని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. వాళ్ల సొమ్మేం పోయింది, అంటారు! రాని ఏడుపును ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది? ఆమెకు కూర మాడినా తెలియడం లేదు, వేలు కాలినా తెలియడం లేదు.

ఒక్క బొమ్మ ముందు కూర్చున్నప్పుడు మాత్రం గొంతుకు ఏదో అడ్డుపడినట్టుండేది. ఆయన ఆఖరున గీసిన పెన్సిలు బొమ్మ అది. కుడిమూల నల్లటి బండలు, వాటిని చుట్టుకుని ఎడమకు తిరిగే నది, అవతలి ఒడ్డున చిన్నచిన్న చెట్లు. ఆయనది ఎడమచేతివాటం. గీసిన గీతల మీదే అరచెయ్యి పాకి, నీటి మీదంతా బూడిదరంగు మసక పరుచుకుంది. "చెయ్యి కింద కాగితం పెట్టుకోండి, చెబితే వినరు కదా" అని ఆమె విసుక్కుంటే, "పోనీవే, పొగమంచు ఊరికే వచ్చింది. ఒడ్డు ఎంత దూరం జరిగిందో చూడు" అని నవ్వాడు. ఇంకో నాలుగు రోజులు ఆ మంచు ముందు కూర్చుంటే ఏడుపు వస్తుందని ఆమె ఆశ.

ఫ్రేము కట్టిస్తానని మరిది వచ్చాడు. ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పాతికేళ్లుగా పని. కాగితం మీద మరక కనబడితే అన్నం సహించని మనిషి. ఆమె టీ పెట్టి తెచ్చేసరికి బొమ్మ మీద రబ్బరు చకచకా ఆడుతోంది.

"చూడు వదినా, ఎంత శుభ్రంగా వచ్చిందో! అన్నయ్య గీతల్లో ఒక్కటి కూడా చెరగనివ్వలేదు."

నిజమే, గీతలన్నీ ఉన్నాయి. మంచే పోయింది. చెట్లను లెక్కపెట్టుకోవచ్చు. అవతలి ఒడ్డు ముందుకొచ్చి కూర్చుంది. ఎవరో ఎక్కడో గీసిన నదిలా ఉంది. ఆమె గొంతుకు ఏదీ అడ్డుపడలేదు. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"అది మరక కాదయ్యా," అంది, పాలు విరిగాయని చెప్పినట్టు. "మీ అన్నయ్య చెయ్యి."

మరిదికి అర్థం కావడానికి క్షణం పట్టింది. "అయ్యో, ఎంత పని చేశాను వదినా!" అంటూ బావురుమన్నాడు. ఏడవగలిగినవాడు, ఏడ్చాడు. ఆమె చూస్తూ నిలబడింది, కాస్త అసూయగా కూడా.

తేరుకున్నాక ఏం చెయ్యాలో తోచక, ఆఫీసు అలవాటు కొద్దీ, బల్ల మీది రబ్బరు పొట్టును ఊదెయ్యబోయాడు.

"ఊదకు!"

ఆమె అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. నల్లబడ్డ ఆ పొట్టునంతా వేలితో నెమ్మదిగా ఒకచోటికి చేర్చి, అరచేతిలోకి తీసుకుంది.

"చిన్న డబ్బా ఏదైనా చూసి తే. మూత గట్టిగా ఉండాలి."